అందరూ పితామహులే: మూకీల కాలం మీద తీసిన సినిమాల గురించి

(ఒక ఫిల్మ్ క్లబ్ మీటింగ్‌లో మాట్లాడింది. రికార్డింగ్ విని టైప్ చేశాం, మాటలు మాట్లాడినట్టే ఉంచాం.)

నమస్కారం అండి. మూకీల గురించి మాట్లాడమని పిలిచి చేతికి మైకు ఇచ్చారు, బానే ఉంది. (నవ్వులు) వెనకాల వినపడుతోందా? తమ్ముడూ ఆ ఫ్యాన్ కొంచెం తగ్గిస్తావా, గాలి కంటే మోత ఎక్కువొస్తోంది.

ముందే చెప్పేస్తున్నా, ఇవాళ నేను మూకీల చరిత్ర చెప్పట్లేదు, అది నాకంటే బాగా చెప్పేవాళ్ళున్నారు. నేను మాట్లాడేది మూకీల కాలం గురించి తర్వాత వాళ్ళు తీసిన సినిమాల సంగతి. సింగింగ్ ఇన్ ది రెయిన్, ది ఆర్టిస్ట్, బాబిలోన్, మన వైపుకొస్తే మరాఠీలో హరిశ్చంద్రాచి ఫ్యాక్టరీ, మలయాళంలో సెల్యులాయిడ్, ఇలాంటివి. సినిమా వాళ్ళకి తమ తాతముత్తాతల కథ చెప్పుకోడం అంటే మహా సరదా, చెప్పుకోనీండి, కానీ ఫ్యామిలీ ఫోటో ఫ్రేమ్ కట్టించేటప్పుడు ఎవరెవర్ని అంచుల్లోంచి కత్తిరించేశారో అది కూడా చూడాలి కదా. నాకు ఆ కత్తిరింపుల మీదే ఇంట్రెస్టు.

ఈ సినిమాలకి రెండు మూసలున్నాయి. హాలీవుడ్ మూస ఒకటి: పెద్ద స్టారు, ఎక్కడికెళ్ళినా జనం, ఇంతలో 1927లో సౌండ్ వచ్చి పడింది, స్టారు పనైపోయింది, కన్నీళ్ళు. మన దేశం మూస వేరే. ఒకాయనకి సినిమా పిచ్చి పడుతుంది, ఉన్నదంతా అమ్ముతాడు, పెళ్ళాం నగలు అమ్ముతాడు, ఊరంతా నవ్వుతుంది, చివరికి తెర మీద బొమ్మ కదులుతుంది, ఆయన పితామహుడైపోతాడు. దేశానికంతటికీ దాదాసాహెబ్ ఫాల్కే, మలయాళీలకి జె.సి. డేనియల్, మనకి రఘుపతి వెంకయ్య నాయుడు గారు. వెంకయ్య గారి మీద 2019లో నరేష్ గారితో సినిమా వచ్చింది, ఎంతమంది చూశారు? చేతులెత్తండి. ఇద్దరు... ఆ మూడో చెయ్యి తల గోక్కుంటోంది, అది లెక్కలోకి రాదు. (నవ్వులు) ఏం చెప్తున్నానంటే, అందరూ పితామహులే, ఈ పుట్టుకలో తల్లి మాత్రం ఎక్కడా కనపడదు. నగలు కనపడతాయి, నగలు పెట్టుకున్నావిడ పక్కన నిలబడి తల ఊపుతుంది.

హాలీవుడ్ దగ్గర ఎక్కువసేపు ఆగను. సింగింగ్ ఇన్ ది రెయిన్ 1952ది, అందరూ చూసిందే. గొంతు బాగోని హీరోయిన్‌కి తెర వెనక ఇంకో అమ్మాయి గొంతు అరువిస్తుంది, చివర్లో తెర లాగేసి, ఇదిగో అసలు పాడింది ఈ అమ్మాయి అని చూపిస్తారు, మనం కళ్ళు తుడుచుకుంటాం. తమాషా ఏంటంటే, ఆ అమ్మాయి వేషం వేసిన డెబ్బీ రేనాల్డ్స్‌కి కొన్నిచోట్ల పాడింది బెట్టీ నోయెస్ అని ఇంకో ఆవిడ, ఆవిడ పేరు టైటిల్స్‌లో లేదు! ఇంకోటి, అందులో జాజ్ సింగర్ ఊసు వస్తుంది, ఆ సినిమా ఆడాకే స్టూడియోలన్నీ సౌండ్ వెంట పడ్డాయని. ఆ జాజ్ సింగర్‌లో ఆల్ జోల్సన్ మొహానికి నల్లరంగు పూసుకుని పాడతాడు, ఆ సంగతి మాత్రం నవ్వుల్లో ఎక్కడా రాదు. 2011లో ది ఆర్టిస్ట్ వచ్చి 5 ఆస్కార్లు పట్టుకుపోయింది, చక్కగా తీశారు, కాదన్ను, కానీ అందులో కుక్కకున్నంత వేషం తెల్లవాళ్ళు కాని ఒక్క మనిషికీ లేదు. అదే 1920ల హాలీవుడ్‌లో సొంత కంపెనీ పెట్టుకున్న జపాన్ స్టార్ సెస్యూ హయకావా ఉన్నాడు, చైనీస్ లాండ్రీ వాళ్ళమ్మాయి అన్నా మే వాంగ్ ఉంది, హాలీవుడ్ బయట నల్లవాళ్ళ కోసం సొంతంగా సినిమాలు తీసుకున్న ఆస్కార్ మిషో ఉన్నాడు. అంటే మూకీల కాలంలో ఉన్న రకరకాల మనుషులు మూకీల మీద తీసిన సినిమాలకి వచ్చేసరికి లేకుండా పోయారు. కాలం ముందుకెళ్ళేకొద్దీ తగ్గారన్నమాట, పెరగాల్సింది పోయి.

సరే ఇంటికొద్దాం. హరిశ్చంద్రాచి ఫ్యాక్టరీ, పరేష్ మొకాశీ తీశాడు, 2009, ఆ ఏడాది ఆస్కార్‌కి మన దేశం తరఫున పంపించారు. నాకు చాలా ఇష్టం ఆ సినిమా. ఏడుపు లేదు, ఉపన్యాసం లేదు, ఫాల్కే ఒక అల్లరి మనిషిలా ఉంటాడు. రాజా హరిశ్చంద్ర 1913 మే 3న బొంబాయి కారొనేషన్‌లో రిలీజైంది, దాని వెనక కథ ఇది. తారామతి అంటే మన చంద్రమతి, హరిశ్చంద్రుడి భార్య, ఆ వేషానికి ఆడవాళ్ళు దొరకలేదు, ఫాల్కే సానివాడలకి కూడా వెళ్ళి అడిగాడు, వాళ్ళూ మేం రామన్నారు. చివరికి హోటల్లో వంటపని చేసే అన్నా సాలుంకే అనే కుర్రాడు దొరికాడు, అక్కడ నెలకి 10 రూపాయలిస్తుంటే ఫాల్కే 15 ఇస్తానన్నాడు. ఆడవేషాలు కట్టే మగాళ్ళు మీసం తియ్యమంటే మొరాయించారు, నాన్న పోతే తీసేది కదండీ మీసం, బతికుండగా ఎలా తీస్తాం అని. ఇదంతా సినిమాలో కామెడీగా నడుస్తుంది, హాలంతా నవ్వుతుంది, నేనూ నవ్వాను.

రాజా హరిశ్చంద్రలో దొరికిన రీళ్ళు యూట్యూబ్‌లో ఉన్నాయి, చూడండి. అందులో ఒక జలకాలాట సీన్ ఉంటుంది. చిన్న కొలను, తారామతి, చెలికత్తెలు నీళ్ళల్లో ఆడుకుంటుంటారు, చీరలు తడిసి ఒంటికి అంటుకుపోయుంటాయి, రాజు గారు వస్తాడు. బాగా చూస్తే ఆ భుజాలు, ఆ మోచేతులు, నీళ్ళు కొట్టే ఊపు, అందరూ మగపిల్లలే. ఇక్కడ మన తెలుగువాళ్ళకి పెద్ద ఆశ్చర్యం ఉండదు, స్థానం నరసింహారావు గారి సత్యభామ గురించి తాతలు చెప్పగా విన్నవాళ్ళం, ఆడవేషంలో మగాడు మనకి కొత్త కాదు. కానీ స్థానం వారిది ఒక కళ, ఏళ్ళ తరబడి సాధన. సాలుంకేది అవసరం. అవసరం ఎందుకొచ్చింది? అప్పట్లో ఆడవాళ్ళు సిగ్గుపడేవాళ్ళు అని ఒక్క మాటలో తేల్చేస్తారు. ఏ ఆడవాళ్ళు సిగ్గుపడేవాళ్ళు? ఆ రోజుల్లో పాడేవాళ్ళు, ఆడేవాళ్ళు, నాటకాల్లో వేసేవాళ్ళు ఊరూరా ఉన్నారు. మన సురభి వాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఆడవేషాలు వేస్తూనే ఉన్నారు. ఇళ్ళల్లో మర్యాదగా ఉండాల్సిన ఆడవాళ్ళు రాకూడదు, వచ్చేవాళ్ళకేమో మర్యాద ఉండకూడదు, ఇదీ లెక్క. అదే 1913లోనే ఫాల్కే రెండో సినిమా మోహినీ భస్మాసురకి దుర్గాబాయి కామత్, ఆవిడ కూతురు కమలాబాయి వచ్చి వేశారు. దుర్గాబాయి భర్త నుంచి విడిపోయి కూతుర్ని పెట్టుకుని నాటకాల కంపెనీతో ఊళ్ళు తిరిగిన మనిషి. ఒంటరి తల్లి, పక్కన కూతురు, దేశంలో మొదటిసారి కెమెరా ముందు నిలబడ్డ ఆడమనిషి. ఇంతకంటే డ్రామా ఉన్న కథ కావాలా మీకు? ఆ కథ మీద సినిమా ఏదీ?

ఫాల్కే భార్య సరస్వతీబాయి సంగతి కూడా అంతే. పగలంతా యూనిట్ మొత్తానికి వంట, రాత్రి కూర్చుని ఫిల్ముకి అంచుల్లో చిల్లులు పొడవడం, కెమికల్స్ కలపడం, ఎండకి అడ్డంగా తెల్ల దుప్పట్లు పట్టుకు నిలబడటం. ఇవాళ్టి లెక్కలో చెప్పాలంటే ల్యాబ్ టెక్నీషియన్, లైట్ అసిస్టెంటు, మెస్ ఇంచార్జి, ముగ్గురి జీతం రావాలి ఆవిడకి. సినిమాలో ఆవిడ్ని బాగానే చూపించారు, మంచి ఇల్లాలు, ధైర్యం ఉన్న మనిషి. కానీ ఇల్లాలుగానే.

ఇప్పుడు సెల్యులాయిడ్. నేను అసలు మాట్లాడదామని వచ్చింది దీని గురించే. కమల్ డైరెక్షన్, 2013, పృథ్వీరాజ్ డేనియల్‌గా వేశాడు. కథ తెలియని వాళ్ళ కోసం చెప్తా. డేనియల్ పళ్ళ డాక్టరు, నాడార్ క్రిస్టియన్, భూములమ్మి తిరువనంతపురంలో విగతకుమారన్ అని మూకీ తీశాడు, మలయాళం సినిమా మొదలైంది దాంతోనే. అందులో హీరోయిన్ పి.కె. రోసీ. పులయ కులం అమ్మాయి, అంటే దళితులు, కూలిపని చేసుకుంటూ కాక్కరశ్శి అని అక్కడి జానపద నాటకాల్లో వేషాలేసేది. డేనియల్ ఆ అమ్మాయికి ఇచ్చిన వేషం సరోజిని, నాయర్ ఇంటి ఆడపిల్ల. కాపిటల్ థియేటర్లో మొదటి ఆట. పెద్దమనుషులు వచ్చారు, ప్రారంభం చెయ్యడానికి వచ్చిన వకీలు గారితో సహా, ఆ పిల్ల లోపలుంటే మేం లోపలికి రాం అన్నారు. తన సినిమా తాను చూడకుండా హీరోయిన్ బయట ఉండిపోయింది. లోపల ఆట మొదలైంది. తెర మీద హీరో ఆమె తల్లోంచి పువ్వు తీసి ముద్దు పెట్టుకున్నాడు. మనిషిని కాదండి, పువ్వుని. అంతే, హాల్లో అరుపులు, రాళ్ళు, తెర చింపేశారు. తర్వాత ఆమె గుడిసె తగలబెట్టారు. ఆమె ఒక లారీ ఎక్కి తమిళం వైపు వెళ్ళిపోయింది, మళ్ళీ ఏ సినిమాలోనూ చెయ్యలేదు.

సెల్యులాయిడ్ ఇదంతా చూపిస్తుంది. దాచలేదు, మెచ్చుకోవాలి, రోసీ పేరు కేరళలో ఇంటింటికీ తెలిసింది ఈ సినిమా వచ్చాకే. మరి నా గొడవేంటి? రెండు. ఒకటి, ఆ సినిమాలో రోసీ ఎప్పుడూ భయపడుతూనే ఉంటుంది. అందరితో కూర్చుని అన్నం తినమంటే ముడుచుకుపోతుంది, మంచి బట్టలు కడితే బిత్తరపోతుంది, కళ్ళు పైకెత్తదు. అరే, ఈవిడ స్టేజి ఆర్టిస్టు కదండీ! ఊరి మధ్యలో వందల మంది ముందు పాడి, ఆడి, జనాన్ని నవ్వించిన మనిషి. కాక్కరశ్శి నాటకం అంటే గడుసు మాటలు, వెటకారాలు, అది ఆడేవాళ్ళకి నోరు లేకపోతే ఆట ఎలా నడుస్తుంది? భయం ఉండదని కాదు, కులం భయం ఒంట్లో ఉంటుంది, కానీ భయంతో పాటు కెమెరా ముందు నిలబడదామన్న తెగింపు కూడా ఉండబట్టే కదా వచ్చింది. ఆ తెగింపు తీసేసి భయం ఒక్కటే ఉంచారు, ఎందుకంటే భయపడే పిల్ల మీద మనకి జాలి పుడుతుంది, తెగించిన పిల్ల మీద జాలి పుట్టదు, కొంచెం ఇబ్బంది పుడుతుంది. ఈ మాట అక్కడి దళిత రచయితలు, ఫెమినిస్టులు సినిమా వచ్చిన కొత్తలోనే గట్టిగా అన్నారు.

రెండోది ఇంకా పెద్దది. రోసీ ఊరొదిలి వెళ్ళిపోయాక సినిమా ఆమె వెంట వెళ్ళదు. డేనియల్ దగ్గరే ఉండిపోతుంది, ఆయన అప్పులు, ఆయన ముసలితనం, ప్రభుత్వం గుర్తించకపోవడం, ఒక జర్నలిస్టు ఆయన కోసం పోరాడటం. అదీ అన్యాయమే, ఆయన 1975లో అనామకంగా పోయాడు, ఇప్పుడు ఆయన పేరు మీద అవార్డు ఇస్తున్నారు. కానీ ఆ రాత్రి జరిగిందాంట్లో ఇల్లు కాలింది ఎవరిది? రోసీ గుడిసె కాలడం డేనియల్ కథలో ఒక దెబ్బ అయిందంతే. నాయకుడి కష్టాల లిస్టులో ఒక నంబరు.

ఆమె వెంట వెళ్ళుంటే ఏం కనపడేదో వినండి. ఆ లారీ నడిపినాయన పేరు కేశవ పిళ్ళై. ఆయన్ని పెళ్ళి చేసుకుంది, నాగర్‌కోయిల్‌లో రాజమ్మాళ్ అనే పేరుతో కాపురం చేసింది. ఆయన కులం ఏంటో తెలుసా? నాయర్. తెర మీద గంటసేపు నాయర్ పిల్లగా కనపడ్డందుకు ఇల్లు తగలబెట్టి తరిమారు, ఆమె వెళ్ళి జీవితాంతం నాయర్ ఇంటి కోడలుగా బతికింది, ఎవరూ కనిపెట్టలేదు. ఎంత నటన అండి అది! కట్ చెప్పేవాడు లేడు, పారితోషికం లేదు, పేరు కూడా మార్చుకోవాలి. స్క్రిప్టు రాసేవాళ్ళు ఎవరన్నా ఉన్నారా ఇక్కడ? ఇలాంటిది ఊహించి రాస్తే మరీ సినిమాటిక్‌గా ఉందండి నమ్మరు అంటారు. 2023 ఫిబ్రవరి 10న గూగుల్ వాళ్ళు ఆమె బొమ్మతో డూడుల్ పెడితే చాలామంది మొదటిసారి పేరు విన్నారు. విగతకుమారన్ ప్రింటు లేదు, ఆమెది అని ఒక ఫోటో తిరుగుతుంటుంది గానీ అది ఆమెదే అని ఖాయంగా అనడానికి లేదు.

ఇక్కడ ఒక్క నిమిషం పక్కకెళ్తా, మన హైదరాబాద్‌కి. ధీరేన్ గంగూలీ అని బెంగాలీ ఆయన, డి.జి. అనేవాళ్ళు, ఇక్కడికొచ్చి ఆర్ట్ కాలేజీలో ఉద్యోగం చేశాడు, 1922లో లోటస్ ఫిల్మ్ కంపెనీ అని ఈ ఊళ్ళోనే పెట్టాడు. సినిమాలు తీశాడు, హాళ్ళు నడిపాడు. 1924లో రజియా బేగం అని బొంబాయి సినిమా తెచ్చి వేశాడు, ముస్లిం రాణి, హిందువుతో ప్రేమ. నిజాం గారికి కోపం వచ్చింది, రాజ్యం విడిచి పొమ్మన్నారు, ఆయన మూటాముల్లె సర్దుకుని కలకత్తా పోయాడు. అక్కడితో సరి, హైదరాబాద్‌లో మూకీల కథ. ఇంకొంచెం దూరం వెళ్దాం, 1927లో హాలీవుడ్ నిర్మాతలు వాళ్ళల్లో వాళ్ళు ఒక లిస్టు రాసుకున్నారు, తెర మీద చూపించకూడనివి. తెల్లవాళ్ళకీ నల్లవాళ్ళకీ మధ్య సంబంధం అందులో ఒకటి, వాడకంలో దాన్ని మిగతా రంగుల వాళ్ళకీ పట్టించారు. అందుకే అన్నా మే వాంగ్ ఎన్ని సినిమాల్లో చచ్చిపోయిందో చూడండి, తెల్ల హీరోతో కాపురం చెయ్యడానికి వీల్లేదు కాబట్టి కథలో ఆమె పోవాలి. 1937లో గుడ్ ఎర్త్ తీసినప్పుడు చైనా రైతు భార్య వేషం కూడా ఆమెకివ్వలేదు, హీరో వేషం వేసింది తెల్లాయన కాబట్టి. లూయీజ్ రైనర్ అనే తెల్లావిడకిచ్చారు, ఆవిడకి ఆస్కార్ వచ్చింది. ఇప్పుడు మూడూ పక్కపక్కన పెట్టండి. హైదరాబాద్, తిరువనంతపురం, లాస్ ఏంజిలిస్. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూడని మూడు ఊళ్ళు, ఒకే దశాబ్దం అటూ ఇటూగా, ఒకే భయం: తెర మీద ఎవరు ఎవర్ని ముట్టుకుంటున్నారు. సౌండ్ వచ్చిందా రాలేదా అన్నది స్టూడియోల గొడవ. జనం రాళ్ళేసింది దీనికి. మరి మూకీల మీద తీసిన సినిమాలన్నీ సౌండ్ చుట్టూ ఎందుకు తిరుగుతున్నాయి?

బాబిలోన్ ఈ పని కొంచెం చెయ్యబోయింది, డేమియన్ షజెల్, 2022, మూడు గంటల పైనే, డబ్బులు పోయాయి. అందులో సిడ్నీ పామర్ అని నల్లజాతి ట్రంపెట్ ప్లేయర్ ఉంటాడు, సౌండ్ వచ్చాక స్టార్ అవుతాడు. ఒక సీన్ చెప్తా. సెట్లో లైట్ల కింద సిడ్నీ మిగతా బ్యాండు వాళ్ళకంటే తెల్లగా కనపడుతున్నాడు. దక్షిణాది హాళ్ళల్లో తెల్లవాళ్ళు నల్లవాళ్ళు కలిసి వాయిస్తున్నారనుకుంటే సినిమా వెయ్యరు. అందుకని కాల్చిన బెండు మసి డబ్బా ఇచ్చి మొహానికి పూసుకోమంటారు. నల్లవాడు ఇంకా నల్లగా కనపడాలి. ఆ డబ్బా తీసుకొచ్చి బతిమాలేది ఎవరనుకున్నారు, మానీ అని మెక్సికన్ కుర్రాడు, కింద నుంచి పైకొచ్చినవాడు, తాను స్పెయిన్ వాణ్ణని చెప్పుకు తిరిగేవాడు. నువ్వు పూసుకోకపోతే ఇంతమంది పొట్టలు పోతాయి అంటాడు. సిడ్నీ పూసుకుంటాడు, వాయిస్తాడు, సెట్లోంచి వెళ్ళిపోతాడు. ఇది ఊరికే అల్లింది కాదు, 1930లో డ్యూక్ ఎల్లింగ్టన్ అనే నల్లజాతి జాజ్ సంగీతకారుడి బ్యాండుని చెక్ అండ్ డబుల్ చెక్ అనే సినిమాలో పెట్టినప్పుడు రంగు తక్కువున్న బార్నీ బిగార్డ్‌కీ, ప్యూర్టోరికో నుంచి వచ్చిన హువాన్ టిజోల్‌కీ నిజంగానే మసి పూశారు. చాలా గొప్ప సీన్. కానీ ఆ మూడు గంటల్లో సిడ్నీకి దక్కింది ఎంత? అన్నా మే వాంగ్‌ని చూసి రాసుకున్న లేడీ ఫే జూకి దక్కింది ఎంత? పార్టీలో పాడుతుంది, టైటిల్ కార్డులు రాస్తుంది, బయటికి పంపించేస్తే యూరప్ వెళ్ళిపోతుంది. కథ మళ్ళీ బ్రాడ్ పిట్ దగ్గరికీ, మార్గో రాబీ దగ్గరికీ పరిగెడుతుంది. సెల్యులాయిడ్‌లో రోసీకి జరిగిందే ఇక్కడ కూడా, మనసు కలుక్కుమనే సీన్ ఒకటి ఇస్తారు, సినిమా ఇవ్వరు.

పోనీ మన దగ్గర సౌండ్ కథే చెప్పాలనుకుంటే, దానికి తగ్గ మనిషి లేదా? సులోచన ఉంది. అసలు పేరు రూబీ మయర్స్, బాగ్దాదీ యూదుల అమ్మాయి, టెలిఫోన్ ఆపరేటర్‌గా పనిచేస్తుంటే సినిమాల్లోకి పిలిచారు. వైల్డ్‌క్యాట్ ఆఫ్ బాంబే, 1927, ఒక్క సినిమాలో 8 వేషాలేసింది! బొంబాయి గవర్నర్ కంటే ఆవిడకే జీతం ఎక్కువ అని చెప్పుకునేవాళ్ళు. టాకీలొచ్చాయి, హిందుస్తానీ సరిగ్గా రాదు. ఏం చేసింది? ఇంట్లో కూర్చుని ఏడవలేదు, ఆగి, భాష నేర్చుకుని వచ్చి, తన మూకీలనే మళ్ళీ టాకీలుగా తీయించుకుంది. 1973లో ఫాల్కే అవార్డు ఇచ్చారు. ఆవిడొక్కతే కాదు, పేషన్స్ కూపర్, సీతాదేవి అని పేరు పెట్టుకున్న రెనీ స్మిత్, ఈ ఇద్దరూ ఆంగ్లో ఇండియన్లే. మొదటి మహిళా డైరెక్టర్ ఫాత్మా బేగం 1926లోనే బుల్‌బులే పరిస్తాన్ తీసింది, ఆవిడ కూతురు జుబేదాయే మన దేశం మొదటి టాకీ ఆలం ఆరాలో హీరోయిన్. యూదులు, ఆంగ్లో ఇండియన్లు, ముస్లిం ఆడవాళ్ళు, హిందూ దేవతల వేషాల్లో ఊరేగారు ఆ పదిహేనేళ్ళు. ఇవాళ ఒక బయోపిక్‌లో అది ఉన్నదున్నట్టు తీసి చూడండి, ఎన్ని కేసులు పడతాయో. (నవ్వులు)

మనది కూడా అంతే. రఘుపతి వెంకయ్య గారి కొడుకు ప్రకాష్ గారు 1921లో భీష్మ ప్రతిజ్ఞ తీశారు, భీష్ముడి వేషం ఆయనే. గంగ వేషం ఎవరిది? తెలుసా ఎవరికన్నా? పెగ్గీ కాస్టెల్లో, ఆంగ్లో ఇండియన్ ఆవిడ. ఇందాక తల్లి ఎక్కడా కనపడదన్నాను కదా, చూడండి మరి, సాక్షాత్తూ భీష్మ పితామహుడికే తల్లిగా వేసిన మనిషి పేరు మనలో ఒక్కళ్ళకీ నోట్లోకి రాలేదు.

సరే నేను ఆపుతా, అడగండి. ఆఁ అమ్మా, చెప్పు.

(ఒక అమ్మాయి: సార్, అంటే దళితుల కథ దళితులే తియ్యాలి, ఆడవాళ్ళ కథ ఆడవాళ్ళే తియ్యాలి అంటారా?)

రూల్ పెట్టడానికి నేనెవర్నమ్మా. కమల్ తీశాడు, తియ్యబట్టే మనం ఇవాళ తిట్టుకోగలుగుతున్నాం. (నవ్వులు) కాకపోతే అవకాశం ఎప్పుడూ ఒకళ్ళకే వస్తుంటే వచ్చే కథ కూడా ఒక్క వైపు నుంచే వస్తుంది. 1915లో బర్త్ ఆఫ్ ఎ నేషన్ వచ్చింది, తెల్లవాళ్ళు మసి పూసుకుని నల్లవాళ్ళ వేషాలేసి, వాళ్ళని రాక్షసుల్లా చూపించి, నల్లవాళ్ళ మీద దాడులు చేసే కూ క్లక్స్ క్లాన్ ముఠాని హీరోల్ని చేసిన సినిమా. ఐదేళ్ళు తిరక్కుండా మిషో విదిన్ అవర్ గేట్స్ తీసి, గుంపులుగా వచ్చి నల్లవాళ్ళని ఉరితీసింది ఎవరో తెర మీద చూపించాడు. అప్పుడే, ఆ కాలంలోనే, చేతిలో పెద్దగా డబ్బుల్లేకుండా. కాబట్టి ఆ రోజుల్లో ఎవరికీ తెలీదండి అనే సాకు కుదరదు. ఇప్పుడు రోసీ పేరు మీద చెన్నైలో డైరెక్టర్ పా. రంజిత్ సంస్థ నీలం వాళ్ళు ఫెస్టివల్ నడుపుతున్నారు, కేరళలో సినిమా ఆడవాళ్ళు 2019లో ఆమె పేరు మీదే ఫిల్మ్ సొసైటీ పెట్టారు. వాళ్ళల్లోంచి ఎవరో తీస్తారు, నేను ఎదురుచూస్తున్నా.

(ఇంకొకరు: ఫోటో కూడా గ్యారంటీ లేదన్నారు, ప్రింటు లేదన్నారు. ఆధారాలు లేకుండా ఎలా తీస్తారు సార్?)

మంచి ప్రశ్న. మన దేశంలో మూకీలు 1300 దాకా తీశారంటారు, మిగిలినవి చేతివేళ్ళ మీద కాకపోయినా ఒక చిన్న బీరువాలో పట్టేస్తాయి. అందరికీ అదే కష్టం. కానీ ఫాల్కే గారు రాత్రి పడుకోబోయే ముందు భార్యతో ఏం మాట్లాడాడో ఎవరు రాసిపెట్టారు? దాన్ని డైలాగులతో సహా ఊహించుకున్నాం కదా, అప్పుడు ఎవరూ ఆధారం అడగలేదే! హాంగ్‌కాంగ్‌లో స్టాన్లీ క్వాన్ 1991లో సెంటర్ స్టేజ్ అని తీశాడు, షాంఘై మూకీల స్టార్ రువాన్ లింగ్యూ మీద, మ్యాగీ చెంగ్ వేసింది, బెర్లిన్‌లో బెస్ట్ యాక్ట్రెస్ వచ్చింది. అందులో ఒక సీన్ నటించి చూపిస్తారు, వెంటనే పాత సినిమాలో అదే ముక్క వేస్తారు, ప్రింటు పోయిన చోట ఇది పోయింది అని తెర మీద చెప్పేస్తారు. మధ్యలో మ్యాగీ చెంగ్ మామూలు బట్టల్లో కూర్చుని, ఆవిడ అలా ఎందుకు చేసుంటుందో అని డైరెక్టర్‌తో మాట్లాడుతుంటుంది. తెలిసింది తెలిసినట్టు, ఊహించింది ఊహించినట్టు. రోసీ మీద అలా తియ్యొచ్చు, నాగర్‌కోయిల్ నుంచి మొదలుపెట్టి.

(వెనక నుంచి: తెలుగులో అయితే ఎవరి మీద తీస్తారు సార్ మీరు?)

నేనా? (నవ్వులు) డబ్బులు మీరు పెడతానంటే సురభి కమలాబాయి గారి మీద. 1932 భక్త ప్రహ్లాదలో లీలావతి, మన మొదటి టాకీ హీరోయిన్. నాటకాల్లో పుట్టి పెరిగిన మనిషి బొంబాయి వెళ్ళి మైకు ముందు నిలబడింది, ఆవిడ చుట్టూ ఎంత తెలుగు నాటకరంగం చూపించొచ్చో, నేల మీద కూర్చుని చూసే జనం, బళ్ళ మీద ఊరూరా తిరిగే డేరాలు, తెర వెనక ఉయ్యాల్లో పిల్లలు, అన్నీ. పక్కన పెగ్గీ కాస్టెల్లోకి ఒక సీన్ రాస్తా. ఒక్క సీనేనా అని అడగండి మీరు. టీ వచ్చేసినట్టుంది, ప్రొడ్యూసర్లెవరైనా ఉంటే ఆ మూలకి రండి, కథ మొత్తం అక్కడే చెప్తా.